మైనస్ 20లో అమ్మమ్మ: ఒక మంచుకాలపు కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. ఊళ్ళు, వయసులు, ఉద్యోగాలు, పిల్లల వివరాలు గుర్తుపట్టే వీలు లేకుండా మార్చాను. నేను చేసిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేను మిన్నెసోటాలో కౌన్సెలర్‌ని. డిసెంబరు వచ్చేసరికి తెలుగు ఇళ్ళ నుంచి ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "ఇండియా నుంచి అమ్మ వచ్చిందండీ. అదోలా ఉంటోంది. ఒకసారి మాట్లాడతారా?" ఈ "అదోలా" అనే మాట వెనక ఏమేం ఉండొచ్చో ఈ కేసు నాకు నేర్పింది.

నేపథ్యం

పెద్దావిడకి అరవై దాటాయి. గోదావరి జిల్లాల్లో కాలవ పక్క ఊరు. కూతురి రెండో కాన్పుకి సాయంగా అక్టోబరు మధ్యలో మినియాపోలిస్ శివారుకి వచ్చారు. విజిటర్ వీసా, ఆరు నెలలు. ఇద్దరూ వస్తే పాడి, చేను ఎవరు చూస్తారని భర్త అక్కడే ఉండిపోయారు. ఇంట్లో కూతురు, అల్లుడు, ఆరేళ్ళ మనవడు. నవంబరు మూడో వారంలో పాప పుట్టింది.

ఆవిడ రోజు ఊళ్ళో ఎలా ఉండేదో మొదటి సెషన్లోనే గంటకి గంట చెప్పించుకున్నాను. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి ముగ్గు వెయ్యడం. పాలు తీయించడం. ధనుర్మాసంలో గుడి మైకు. వీధిలో కూరలమ్మితో బేరం. మధ్యాహ్నం కాసేపు అరుగు మీద నలుగురితో కబుర్లు. ఇందులో ఒక్కటంటే ఒక్కటి కూడా ఇక్కడ లేదు. ఆవిడ బాధపడుతూ చెప్పలేదు. పెళ్ళివారి సామాను లెక్క చెప్పినట్టు చెప్పారు.

పగటి లెక్క కూడా చూడాలి. ఆవిడ ఊళ్ళో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటల పైనే ఉంటుంది. మినియాపోలిస్ 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 దగ్గర్లో ఇక్కడ పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. సాయంత్రం నాలుగున్నరకి పొద్దుగూకుతుంది. దానికి తోడు నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. "నిన్నటిదాకా ఆరింటికి చీకటి పడింది, ఇవాళ అయిదుకే పడిందేంటి?" అని ఆవిడ అడిగితే ఇంట్లో అందరూ నవ్వారట. ఆవిడకి మాత్రం అది నవ్వులాట కాదు.

వచ్చిన సమస్య

డిసెంబరు రెండో వారంలో కూతురు ఫోన్ చేసింది. అప్పటి నా నోట్స్‌లో ఇలా ఉంది: రాత్రి ఏడున్నరకే పడుకుంటున్నారు, మూడింటికి మెలకువ. స్నానానికి పదకొండు దాటుతోంది. ముద్ద దిగడం లేదు. మోకాళ్ళ నొప్పులు. పాపని ఎత్తుకోవడం లేదు. "నన్ను పంపించెయ్యండి" అంటున్నారు.

అయిదో మాట మీద నేను ఆగలేదు. ఆగి ఉంటే ఈ కేసు మూడు వారాల ముందే తేలేది.

డిప్రెషన్ లక్షణాలు కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి తెలుగులో దొరుకుతుంది. అయినా కాగితం చేతికివ్వకుండా మాటల్లోనే అడిగాను. స్కోరు 14, అంటే మధ్యస్థ స్థాయి డిప్రెషన్ లక్షణాలు. చావు ఆలోచనల గురించిన చివరి ప్రశ్న దగ్గర తెలుగు పెద్దవాళ్ళతో జాగ్రత్తగా ఉండాలి. "ఆ దేవుడు తీసుకుపోతే బాగుండు" అన్నారావిడ. మన ఇళ్ళల్లో ఈ మాట మోకాలు నొప్పికీ అంటారు, నిజంగా బతకాలని లేనప్పుడూ అంటారు. ఊతపదమేలే అని వదిలెయ్యకూడదు, వినగానే కంగారూ పడకూడదు. "మీ అంతట మీరు ఏదైనా చేసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా అమ్మా?" అని సూటిగా అడిగాను. "ఛ, పురిటింట్లో ఏం మాటలు తల్లీ అవి!" అని నన్నే కసిరారు. ఆ కసురులో ప్రాణం ఉంది. అయినా ప్రతి సెషన్లోనూ మళ్ళీ అడుగుతూనే ఉన్నాను.

కూతుర్నీ విడిగా పరీక్షించాను. నెల కూడా నిండని బాలింత, రాత్రుళ్ళు నిద్ర లేదు, పక్కన ఏడుస్తున్న తల్లి. బాలింతల్లో డిప్రెషన్‌ని చూసే ఎడిన్‌బరో ప్రసవానంతర ప్రశ్నావళిలో స్కోరు 8 వచ్చింది. అప్పటికి భయపడాల్సింది కాదు, కానీ గమనిస్తూ ఉండాల్సిందే.

పెద్దావిడకి పదేళ్ళుగా షుగరు, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఈ మందు ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బీ12 తగ్గుతుంది. అది తగ్గితే నీరసం, దిగులు, తిమ్మిర్లు రావచ్చు. అందుకని దేనికైనా ముందు డాక్టర్ దగ్గరికి పంపాను. విజిటర్ ఇన్సూరెన్స్‌లో ఇలాంటివి రావు కాబట్టి జేబులోంచి పెట్టుకుని థైరాయిడ్, బీ12, విటమిన్ డీ చేయించారు. థైరాయిడ్ బాగానే ఉంది, బీ12 తక్కువ వచ్చింది. మాత్రలు మొదలుపెట్టారు.

ఇక పేరు. ఇంట్లోవాళ్ళు అప్పటికే ఇంటర్నెట్‌లో చదివి "శాడ్ అంటారు కదండీ, చలికాలపు డిప్రెషన్" అన్నారు. 1984లో నార్మన్ రోజెన్‌థాల్, ఆయన తోటి పరిశోధకులు ఈ రుగ్మతని వర్ణించినప్పటి నుంచి ఆ పేరు బాగా పాకింది. కానీ రోగనిర్ధారణ సూత్రాల ప్రకారం అలా పిలవాలంటే వరసగా కనీసం రెండేళ్ళు ఒకే రుతువులో వచ్చి పోవాలి. ఈవిడకి ఇది జీవితంలో మొదటి మంచుకాలం. అందుకని "మార్పుకి సర్దుకోలేకపోవడం వల్ల వచ్చిన దిగులు, వెలుతురు తగ్గడం దానికి తోడైంది" అని రాసుకున్నాను. ఇది మాటల పట్టింపు కాదు. శాడ్ అనుకుంటే దీపం పెట్టి ఊరుకుంటాం. సర్దుబాటు సమస్య అనుకుంటే ఆవిడ చేతుల్లోంచి ఏమేం పోయాయో వెతుకుతాం.

మొదట చేసినవి, తప్పినవి

మొదటిది దీపం. 10,000 లక్స్ (వెలుతురు కొలత) లైట్ బాక్సు, ముఖానికి అడుగు, అడుగున్నర దూరంలో, ఉదయం అరగంట. షుగరు ఉన్నవాళ్ళకి రెటీనా సమస్య ఉండొచ్చు కాబట్టి కంటి డాక్టర్ మాట లేకుండా మొదలుపెట్టకూడదు. వేసవిలో ఇండియాలో చేయించుకున్న కంటి పరీక్ష రిపోర్టు వాట్సాప్‌లో తెప్పించి, ఇక్కడి డాక్టర్‌కి చూపించి, సరే అన్నాకే పెట్టించాను.

అంత జాగ్రత్తపడి ఒక్క మాట దగ్గర పడ్డాను. "లేవగానే అరగంట కూర్చోండి" అన్నాను. ఆవిడ లేచేది మూడింటికి. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, మూడుంపావుకల్లా ఆ దీపం ముందు కూర్చునేవారు. పొద్దున్నే పడే వెలుగు శరీర గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంటే నిద్రా మెలకువా ఇంకా తొందరగా వస్తాయి. పొద్దెక్కినా లేవలేనివాళ్ళకి అది మందు. ఏడున్నరకే పడుకుని మూడింటికి లేచేవాళ్ళకి అది సమస్యని ఇంకా ముదిరిస్తుంది. పది రోజుల్లో మెలకువ రెండున్నరకి వచ్చింది. పైగా ఆ దీపం ముందు కూర్చోవడం గురించి ఆవిడ అన్నది: "పోలీసోళ్ళు లైటేసి నిజం చెప్పమన్నట్టుంది."

ఆ వేళకి ఇంకో ఆకర్షణ ఉందని తర్వాత తెలిసింది. ఇక్కడ తెల్లవారుజాము మూడున్నర అంటే ఊళ్ళో మధ్యాహ్నం మూడు. అక్కచెల్లెళ్ళు భోజనాలయ్యి ఫోన్లో దొరికే వేళ. రోజు మొత్తంలో ఆవిడ మనస్ఫూర్తిగా మాట్లాడేది ఆ అరగంటే. దాన్ని తీసెయ్యమనడం దుర్మార్గం. వేళ మార్చాలి.

రెండోది కృతజ్ఞత డైరీ. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2003లో ఎమ్మన్స్, మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో, జీవితంలో అందిన మేళ్ళని క్రమం తప్పకుండా రాసుకున్నవాళ్ళు చికాకులు రాసుకున్నవాళ్ళ కన్నా మెరుగ్గా ఉన్నట్టు తేలింది. అప్పటి నుంచి మా వృత్తిలో ఇది అందరూ ఇచ్చే హోమ్‌వర్క్ అయిపోయింది. నేనూ ఇచ్చాను. "రోజూ మూడు రాయండమ్మా, కృతజ్ఞతగా అనిపించినవి."

మరుసటి వారం నోటుబుక్కు తెచ్చారు. ముత్యాల్లాంటి అక్షరాలు. మొదటి రోజు: "అల్లుడు గారు టిక్కెట్టు కొన్నారు. అల్లుడు గారు కోటు కొన్నారు. అల్లుడు గారు బూట్లు కొన్నారు." రెండో రోజూ అవే మూడు, పక్కన డాలర్ల లెక్కతో సహా. మూడో రోజు నుంచి ఖాళీ.

అది చూశాకే నాకు వెలిగింది. నేను అడిగింది ఒకటి, ఆవిడ విన్నది ఇంకొకటి. కూతురింట్లో నెలల తరబడి ఉండి తినడమే ఆ తరానికి మొహమాటం. కృతజ్ఞత అనే పుస్తకాల మాట ఆవిడ చెవిలో పడేసరికి ఋణం అయిపోయింది. ఇంట్లో అప్పటికే "హీటరుంది, వేణ్ణీళ్ళున్నాయి, అన్నీ ఉన్నాయి కదమ్మా, ఇంకేం కావాలి?" అని రోజూ వినిపిస్తోంది. డబ్బు తీసుకుని మరీ నేనూ అదే మాట అన్నట్టయింది. డైరీ ఆపేయించి, తప్పు నాదేనని ఆవిడకి చెప్పాను.

మూడోది కూతురు తనంతట తాను చేసింది. మిన్నెసోటాలో స్కాండినేవియా మూలాలున్నవాళ్ళు చాలామంది. చలికాలాన్ని ఇంట్లో హాయిగా గడపడం వాళ్ళకి ఒక కళ. అది చూసి కూతురు మెత్తటి దుప్పట్లు, వాసన కొవ్వొత్తులు, హాట్ చాక్లెట్ కొంది. కొవ్వొత్తులు వెలిగించి అందరూ దుప్పట్లో కూర్చుని సినిమా చూశారు. అయ్యాక మనవడు ఉఫ్ అని ఊది దీపం ఆర్పాడు. "నోటితో దీపం ఆర్పకూడదు నాన్నా" అంటూ పెద్దావిడ లేచి గదిలోకి వెళ్ళిపోయారట. కూతురికి ఏడుపొచ్చింది.

మొదటి సెషన్ చివర ఆవిడ నన్ను దీవించిన మాట ఇక్కడ చెప్పాలి. "చల్లగా ఉండు తల్లీ" అన్నారు. బయట మైనస్ 22. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, ఆవిడ నవ్వేశారు. "ఇంకా ఎక్కడి చల్లగా!" అప్పుడది తమాషాగా అనిపించింది. కొవ్వొత్తుల సంగతి విన్నాక మళ్ళీ గుర్తొచ్చింది. మన భాషలో సుఖమంతా చల్లదనంలోనే ఉంది. చల్లని మాట, చల్లని చూపు, కడుపు చల్లగా, చల్లని తల్లి. ఎండల్లో పుట్టిన భాష మరి. మంచు కురుస్తుంటే వెచ్చగా ముడుచుకుని కూర్చోవడమే హాయి అనే ఊహ అరువు తెచ్చుకున్నదే. కూతురు పదేళ్ళుగా ఇక్కడుండి నేర్చుకుంది. తల్లికి రెండు నెలల్లో రమ్మంటే ఎక్కడి నుంచి వస్తుంది?

తిరుగు మలుపు

అయిదో సెషన్ జనవరి మొదటి వారంలో. ఆ రోజు గాలితో కలిపి మైనస్ 30 కిందికి పోయింది. అలాంటప్పుడు బయట ఉంచిన చర్మం అరగంటలోపే గడ్డకట్టొచ్చు. అందుకని రావద్దని చెప్పి వీడియోలో మాట్లాడాను. వంటింటి గట్టు మీద ఫోన్ నిలబెట్టారు. మధ్యలో ఫోన్ పక్కకి ఒరిగింది. మనవడు తివాచీ మీద పరిగెత్తుకొచ్చి దాన్ని సరిచేసి అమ్మమ్మ చెయ్యి పట్టుకోబోయాడు. "టిక్" మన్న చిన్న చప్పుడు నాక్కూడా వినిపించింది. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుని, "చెప్పానా, నన్ను ముట్టుకోకని!" అన్నారు.

వాడు వెళ్ళాక అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి చెప్పారు.

"ఈ ఊరొచ్చాక నా ఒంట్లో కరెంటు పుట్టింది తల్లీ. తలుపు ముట్టుకుంటే కొడుతుంది, పంపు ముట్టుకుంటే కొడుతుంది. వీడంటే పెద్దాడు. ఆ పసిగుడ్డు బుగ్గ మీద వేలు పెడితే నిప్పురవ్వ ఎగిరింది. నా కళ్ళతో చూశాను. కెవ్వుమని ఏడిచింది. అప్పట్నుంచీ ముట్టుకోలేదు. ఎవరికి చెప్పను? పిచ్చిదంటారు."

నెల రోజులు. పాపని ఎత్తుకోవడానికే ఏడు సముద్రాలు దాటొచ్చిన మనిషి, పాపకి హాని చేస్తానేమోనని నెల రోజులు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ఇంట్లోవాళ్ళు ఆవిడకి పాప మీద మనసు లేదనుకున్నారు. నేను డిప్రెషన్ లక్షణం అనుకున్నాను.

కారణం చాలా మామూలుది. మైనస్ 20లో ఉన్న గాలి పట్టగలిగే తేమ చాలా తక్కువ. ఆ గాలినే లోపలికి తెచ్చి హీటరుతో వేడిచేస్తే ఎండిపోయినట్టవుతుంది. ఆ పొడి గాలిలో సింథటిక్ చీర, ఫ్లీస్ మేజోళ్ళు, తివాచీ ఒకదానికొకటి రాసుకుంటే ఒంటి మీద విద్యుత్తు చేరుతుంది. దేన్నైనా ముట్టుకోగానే చిటుక్కున దిగిపోతుంది. పాపకి చురుక్కుమంటుందేగానీ హాని లేదు. "ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వుకుంటే వెంట్రుకలు లేస్తాయి చూడండి, అదే ఇది. మీ ఒంట్లో పుట్టింది కాదు, ఈ గాలిది" అని చెప్పాను. నమ్మారో లేదో తెలియలేదు. మాటలతో నమ్మించాల్సిన విషయం కాదనిపించి, చేసి చూపించమని అల్లుడికి అప్పగించాను. హ్యూమిడిఫయర్ కొన్నారు. తేమ 30 శాతం దాటేలా చూశారు. మరీ పెంచితే కిటికీ అద్దాలకి నీళ్ళు పట్టి గడ్డకడతాయి. ఫ్లీస్ మేజోళ్ళు, సింథటిక్ చీరలు పక్కన పెట్టి నూలువి తీశారు. చేతులకి కొబ్బరినూనె. పాపని ఎత్తుకునే ముందు పంపుని ఒకసారి ముట్టుకోవడం. అల్లుడు తానే ముందు పంపు ముట్టుకుని, తర్వాత అత్తగారి చేతికి పాపని అందించాడు. టిక్ అనలేదు.

ఆ రోజు రాత్రి పాప రెండు గంటలు ఆవిడ ఒళ్ళోనే ఉందట. కాలు తిమ్మిరెక్కినా కదలలేదట.

పనిచేసినవి

వెలుతురు సంగతి దిద్దుకున్నాం. పొద్దున ఏడున్నర దాకా ఆ దీపం వెయ్యొద్దన్నాను. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా వంటింట్లో లైట్లన్నీ వేసి ఉంచమన్నాను. పొద్దున దీపాన్ని పడగ్గది మూల నుంచి భోజనాల బల్ల మీదికి మార్చాం. దాని పక్కన కూర్చుని కూరలు తరుక్కుంటూ చెల్లెళ్ళతో మాట్లాడతారు. ఏడున్నర అంటే ఊళ్ళో రాత్రి ఏడు, అదీ ఖాళీ వేళే. రెండు వారాల్లో నిద్ర తొమ్మిదింటికీ, మెలకువ అయిదుకీ వచ్చాయి.

ఆ ఇంట్లో ఇంకో వెలుతురు ఉంది, ఎవరూ వాడుకోనిది. చలికాలంలో ఇక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణాన 22 డిగ్రీల ఎత్తు దాటడు. అందువల్ల దక్షిణపు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా గది మధ్యదాకా వస్తుంది. ఆవిడ మాత్రం తూర్పు గదిలోనే కూర్చునేవారు. "దక్షిణానికి మొహం పెట్టి కూర్చోవడమేంటి?" అన్నారు. "మొహం ఉత్తరానికే పెట్టండి, వీపు ఎండకి పెట్టండి" అన్నాను. అది కుదిరింది.

పాపకి నీళ్ళు పొయ్యడం అసలు బేరం. కాళ్ళు చాపి, పాపని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి నీళ్ళు పొయ్యడానికే ఆవిడ వచ్చారు. పుట్టిన పది రోజులకి సాంబ్రాణి వేస్తే స్మోక్ అలారం ఇల్లదిరేలా మోగింది. కూతురు హడిలిపోయి స్నానం పని తనే తీసుకుంది. కూతురి భయాన్ని నేను తక్కువ చెయ్యలేదు. ముక్కులో, చెవిలో నూనె వెయ్యడం, పసిపాప దగ్గర పొగ పెట్టడం మంచిది కాదు, అందులో కూతురి మాటే నెగ్గాలి. మిగతాది పిల్లల డాక్టర్‌ని అడగమన్నాను. నూనెతో మెల్లగా మర్దనా చెయ్యొచ్చు, నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, పాపకి చలి తగలకూడదు అన్నారు డాక్టర్. దాంతో పదకొండింటికి, ఎండ పడే గదిలో మర్దనా, తర్వాత స్నానం అమ్మమ్మ పని అయ్యాయి. ఆ గంటన్నర కూతురు నిద్రపోవాలి, పక్కన నిలబడి చూడకూడదు. ఇద్దరిలో ఎక్కువ కష్టపడింది కూతురే.

సంక్రాంతి నాడు జరిగినదాన్ని నేను ప్లాన్ చెయ్యలేదు. ముందు రోజు రాత్రంతా మంచు కురిసింది, బడి సెలవు. పొద్దున్నే పక్కింటాయన తన స్నోబ్లోయర్‌తో వీళ్ళ డ్రైవ్‌వే కూడా శుభ్రం చేసి వెళ్ళిపోయాడు. ఇక్కడ అది మామూలే. పెద్దావిడ కిటికీలోంచి చూసి, "ఎవరో మన వాకిలి ఊడ్చి వెళ్ళారే!" అన్నారు. డ్రైవ్‌వే వాకిలి కావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఊడ్చిన వాకిలి ముగ్గు లేకుండా ఉంటే ఊరుకునే మనిషి కాదు. బియ్యప్పిండి గాలికి ఎగిరిపోయింది. మంచు మీద వేస్తే తెలుపు మీద తెలుపు, కనబడలేదు. నీళ్ళతో కలిపి డ్రైవ్‌వే మీద వేద్దామంటే, "గడ్డకడితే జారి పడతాం అత్తయ్యా" అన్నాడు అల్లుడు.

అప్పుడు మనవడు ఖాళీ కెచప్ సీసా తెచ్చాడు. అందులో పసుపు నీళ్ళు పోసి పక్కన గడ్డిని కప్పేసిన మంచు మీద చుక్కలు పెట్టారు. వాడు పడీ పడీ నవ్వుతూ, పసుపు రంగు మంచంటే ఇక్కడ కుక్క ఉచ్చ పోసిందని అర్థం అని చెప్పాడు. "శివశివా" అని లోపలికెళ్ళి, తాంబూలం సున్నం డబ్బా తెచ్చి పసుపు నీళ్ళలో చిటికెడు కలిపారు. నీళ్ళు ఎర్రబడ్డాయి. వాడికది గారడీ. దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఆవిడకి కొత్తా? తెల్లటి మంచు మీద ఎర్రటి మెలికల ముగ్గు, మధ్యలో గొబ్బెమ్మకి బదులు వాడు చేసిన మంచుముద్ద. అది కూడా సరిగ్గా నిలవలేదట. మరీ చలిగా ఉంటే ఇక్కడ మంచు పొడిపొడిగా ఉంటుంది, ముద్ద కట్టదు. వాడు నీళ్ళు చిలకరించి కట్టాడు.

మధ్యాహ్నం పక్కింటాయనకి గిన్నెలో గారెలు, పరమాన్నం పంపారు. సాయంత్రానికి ఆయన గిన్నె తోమి తిరిగిచ్చాడు, ఖాళీగా. గిన్నె ఖాళీగా పంపకూడదన్న సంగతి ఆయనకెలా తెలుస్తుంది, అమ్మ ఏమనుకుంటుందోనని కూతురు భయపడింది. తర్వాతి సెషన్లో నేనూ అదే అడిగాను. "ఖాళీగా ఎక్కడొచ్చిందమ్మా? వాకిలి ముందే ఊడ్చి వెళ్ళాడుగా" అన్నారు.

నేను డైరీలో రాయమని అడిగింది ఇదే. డైరీలో రాలేదు.

అక్కణ్ణుంచే నా ప్రశ్న మార్చుకున్నాను. కృతజ్ఞత అన్న మాట పూర్తిగా వదిలేసి, "ఇవాళ ప్రాణం ఎక్కడ లేచొచ్చింది?" అని రాత్రి భోజనాల దగ్గర ఒకరినొకరు అడగమన్నాను. ముందు అల్లుడు, తర్వాత కూతురు, మనవడు, చివర పెద్దావిడ. పెద్దవాళ్ళని ముందు అడిగితే మళ్ళీ పరీక్షలా ఉంటుంది. ఒక షరతు పెట్టాల్సి వచ్చింది. మొదటి రోజు కూతురు "థాంక్స్ అమ్మా" అంటే, "నేనేం పరాయిదాన్నా?" అని మొహం ముడుచుకున్నారు. అందుకని థాంక్స్ అనొద్దు, ఏం జరిగిందో చెప్పండి చాలు అన్నాను. "అమ్మ పాపకి నీళ్ళు పోస్తుంటే గంటన్నర ఒళ్ళు తెలీకుండా పడుకున్నాను." "ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా మిరియాల చారు వాసన." అల్లుడు అలా చెప్పడం ఆవిడ వినడం అదే మొదటిసారి. టిక్కెట్టు, కోటు, బూట్ల లెక్కకి అవతల పక్క కూడా ఒక పద్దు ఉందని అప్పుడే తెలిసింది ఆవిడకి.

ఆవిడ సమాధానాలు చిన్నవి. కొన్ని రోజులు "ఏం లేదు" అనే అనేవారు, అదీ సరే. ఫిబ్రవరిలో ఒకసారి: "మంచు పడుతుంటే చప్పుడు ఉండదు. పాప ఊపిరి వినపడింది."

ఫలితం, నాకు మిగిలినవి

డిసెంబరు చివర పీహెచ్‌క్యూ-9 స్కోరు 13. జనవరి చివర 9. మార్చిలో 4. కూతురి స్కోరు 8 నుంచి 5కి తగ్గింది.

ఇందులో ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేను. బీ12 మాత్రలు అదే సమయంలో మొదలయ్యాయి. సంక్రాంతి తర్వాత పగలు కూడా పెరుగుతూ వచ్చింది. తిరుగు టిక్కెట్టు దగ్గరపడుతోంది, దాని ప్రభావమూ తక్కువేం కాదు. కానీ స్కోరు కదలకముందే పాప ఆవిడ ఒళ్ళోకి వచ్చింది. ఈ వరసని మాత్రం నేను గట్టిగా పట్టుకుంటాను.

ఇప్పుడు ఇలాంటి ఫోన్ వస్తే నేను మొదట అడిగేవి మారాయి. దిగులుగా ఉందా అని తర్వాత అడుగుతాను. ముందు, "ఇక్కడికొచ్చాక మీరు చెయ్యడం మానేసిన పనులేంటి? ఒక్కోటీ ఎందుకు మానేశారు?" అని అడుగుతాను. ఆసక్తి లేక మానేస్తే ఒక దారి. భయపడి మానేస్తే ఇంకో దారి. ఎవరో చేతిలోంచి తీసుకుంటే అది మరో దారి, దానికి తీసుకున్నవాళ్ళని కూర్చోబెట్టాలి. బయటి నుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. లైట్ బాక్సు ఇచ్చేటప్పుడు "లేవగానే" అనను, గంట రాసిస్తాను. కృతజ్ఞత డైరీ ఇప్పటికీ ఇస్తాను, కానీ ఇతరుల ఇంట్లో ఉంటూ వాళ్ళ మీద ఆధారపడిన పెద్దవాళ్ళకి ఇవ్వను. వాళ్ళకి ఏం అందిందో వాళ్ళకి తెలుసు. వాళ్ళ వల్ల ఏం అందిందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆవిడ ఏప్రిల్‌లో వెళ్ళిపోయారు. లైసెన్స్ నిబంధనల వల్ల ఇండియాలో ఉన్న మనిషికి నేను సెషన్లు చెయ్యలేను. చివరి రోజు అది చెబితే "నువ్వే మా ఊరు రా" అన్నారు. వచ్చే చలికాలానికి భర్తని కూడా తీసుకొస్తానంటున్నారట. వస్తే అక్టోబరులోనే స్కోరు చూడాలి, హ్యూమిడిఫయర్ ముందే పెట్టించాలి అని ఫైల్లో రాసుకున్నాను.

సాంబ్రాణి సంగతి ఒక్కటే తేలలేదు. పాప దగ్గర పొగ వద్దని కూతురు, పొగ లేకుండా పాప తల ఆరేదెలాగని తల్లి. మార్చిలో ఒకరోజు, బయట సున్నా డిగ్రీలే కాబట్టి వెచ్చగానే ఉందని, పెద్దావిడ పాప లేకుండా ఒక్కరే వరండాలో కూర్చుని సాంబ్రాణి వేసుకున్నారట. పాప బట్టలు మాత్రం ఆ పొగకి పట్టారు. కూతురు కిటికీలోంచి చూసి ఏమీ అనలేదు. వాటిని మళ్ళీ ఉతికిందో లేదో నేను అడగలేదు.